చిటికెడు నీలం

డులూత్‌లో సరస్సు వైపు దిగే వీధి చివర
హార్డ్‌వేర్ షాపు. వెనక వరసలో
రంగులు కలిపే కౌంటర్ నాది.
మార్చి సగమైనా మంచు కదల్లేదు.
తలుపు తీస్తే ముందు చలి వస్తుంది, తరవాత మనిషి.

ఆర్విడ్ హాగెన్ వంటింటికి తెలుపు అడిగాడు.
అడుగుతూనే అధ్యక్షుణ్ణి అందుకున్నాడు:
"నిప్పు పెడుతున్నాడు దేశానికి!
చూస్తూ ఉండు, మా తాత పొలం కూడా లాక్కుంటాడు."
పొలాల ఊసు ఆయన ఎత్తగా నేను వినలేదు.
ఎత్తిందల్లా ఒక పన్ను,
అదీ సగం కోసుకుని, మిగిలిన సగానికి
అవతలివాళ్ళ గడ్డం పట్టుకుని.

నేనేమీ అనలేదు.
మూత బిగించి డబ్బాని కుదిపే యంత్రంలో పెట్టాను.
మూడు నిమిషాలు ఎవరి మాటా ఎవరికీ వినపడదు.
ఈ ఉద్యోగంలో నాకిష్టమైనవి ఆ మూడు నిమిషాలే.

అతను వెళ్ళాక వెర్నా కోస్కెలా.
ఓడరేవులో ముప్పై ఏళ్ళు యూనియన్ జెండా మోసిన చెయ్యి,
ఇప్పుడు చేతికర్ర మోస్తోంది.
"నిప్పా? వాడా? గోరువెచ్చని నీళ్ళు!
మీ భాషలో ఏదో అంటారన్నావే, గోడ మీద..."
"పిల్లి," అన్నాను.
"అదే. ఆ పిల్లికి ఓటేశాను నేను."
పది నిమిషాల తేడాలో, ఒకే కౌంటర్ ముందు
ఒకే మనిషి కాలిపోయాడు, చల్లారిపోయాడు.

మా నాన్న ఏలూరులో ఎన్నికల గోడలు రాసేవాడు.
అయిదు పార్టీలకీ ఆయనదే కుంచె.
రాసే ముందు గోడకి సున్నం,
సున్నంలో చిటికెడు నీలిమందు.
"మల్లెపువ్వులా ఉందయ్యా" అనేవాళ్ళు.
ఇంకొక్క చిటికెడు పడితే
"ఇదేం నీలం?" అని కూలి కోసేవాళ్ళు.
తెల్లగా కనపడాలంటే ఎంత నీలం దాచాలో
ఆయన వేళ్ళకే తెలుసు.
ఈ కథ ఇక్కడ ఎవరికీ చెప్పను.
ఈ దేశంలో నీలం అంటే పార్టీ.

నిన్న రాత్రి మాత్రం కూర్చున్నాను.
ఆయన సంతకం చేసినవన్నీ ఒక్కొక్కటే చదివాను,
అన్నవి కాదు, అన్నాడని అన్నవి కాదు.
రంగుల పట్టీ విసనకర్రలా విప్పి చూసినట్టు.
మధ్యలో ఉన్నాడు. నిజంగానే మధ్యలో.
గోరంతని కొండంత చేస్తున్నారని
ఆర్విడ్‌కి ఈసారి చెప్పేద్దామనుకున్నాను.

పొద్దున గోదాములో లిబాన్ పెట్టెలు దింపుతున్నాడు.
వలసల మీద వచ్చిన రాజీ గురించి అడిగాను.
ఫలానా తేదీకి ముందు వచ్చినవాళ్ళు ఉండొచ్చు,
తరవాత వచ్చినవాళ్ళు వెళ్ళాలి.
గేట్లు బార్లా తెరిచాడని ఒకరు,
అమ్ముడుపోయాడని ఒకరు.
పత్రికలన్నీ 'సమతూకం' అని రాశాయి.
లిబాన్ అన్న ఆ తేదీకి ముందు.
అమ్మ, పదకొండు రోజులు తరవాత.
"పదకొండు," అన్నాడు లిబాన్,
ఇంకో పెట్టె భుజానికెత్తుకుంటూ.

మధ్య గీత ఎక్కడో ఒక చోట నేలని తాకాలి కదా,
అది వాళ్ళ భోజనాల బల్ల మీద తాకింది.

మధ్యాహ్నం ఆర్విడ్ మళ్ళీ వచ్చాడు, డబ్బాతో.
"నువ్విచ్చింది నీలం!"
మూత మీద చీటీ చదివి వినిపించాను:
తెలుపు, రెండు చుక్కలు నలుపు, అర చుక్క గోధుమరంగు.
నీలం లేదు. ఒక్క చుక్క లేదు.
"మీ వంటింటి కిటికీ ఉత్తరానికా?"
"అవును. ఎదురుగా సరస్సు."
"ఆ నీలం డబ్బాలోది కాదు, ఆర్విడ్."
చాలాసేపు చీటీ వైపే చూశాడు.
నమ్మలేదు. వెళ్ళిపోనూ లేదు.
"సరే, కాస్త పసుపు వెయ్యి," అన్నాడు.

ఒక్క చుక్క వేశాను.
ఖాళీ ట్రాలీ తోసుకుంటూ వచ్చి
లిబాన్ కూడా కౌంటర్‌కి ఆనుకుని నిలబడ్డాడు.
ఏదో చెప్పబోయాడు ఆర్విడ్‌తో,
లేదా నాతో.
అప్పటికే యంత్రం మీట నొక్కేశాను.